దెబ్బ తిన్నవాళ్ళే చెప్పాలి

ముందు మోకాళ్ళు, తర్వాత తొడలు, ఆ తర్వాతే ఛాతీ, కింది నుంచి పైకి రావాలి, ఛాతీ రేకు బిగించాక ఇక వంగలేవు పిల్లా అని నాకు ఈ కవచాల ఆట నేర్పే పిప్ రెండు నెలలుగా చెబుతూనే ఉంది. అయినా నేను ఛాతీ రేకే ముందు బిగించుకున్నాను. ఇప్పుడు మోకాలి పట్టీ అందడం లేదు. యూట్ అనే చిన్న ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని, కాలు చాపి, పొట్టలోకి ఇనుప అంచు దిగబడుతుంటే వంగి, తోలుపట్టీని వేళ్ళ చివర్లతో అందుకోవడం, మళ్ళీ జారవిడవడం. వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. గైరా ఊళ్ళో జూన్ అంటే నడిచలికాలం, పొద్దున్న ఆరున్నరకి మనకి వేళ్ళున్నాయని గుర్తుండడమే గొప్ప. గొర్రెల పొలమంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది, గుడారాల మధ్య పొగ, ఎవరో సాసేజీలు వేయిస్తున్నారు. మూడువందల మంది పెద్దవాళ్ళు, ఉద్యోగాలున్నవాళ్ళు, ఇంటి అప్పులున్నవాళ్ళు, ఎనిమిదివందల ఏళ్ళ కిందటి తరహా బట్టలు కుట్టించుకుని, కవచాలు చేయించుకుని, ఈ మూడు రోజుల సెలవుల్లో ఒకళ్ళనొకళ్ళు కర్రలతో చావగొట్టుకోవడానికి ఇక్కడికి వచ్చారు. అందులో నేనొకదాన్ని, మొదటిసారి వచ్చినదాన్ని. ఏడున్నరకి నాకు పరీక్ష. పాసైతే పది గంటల యుద్ధంలోకి రానిస్తారు. లేకపోతే వంటగుడారంలో ఉల్లిపాయలు తరగాలి.

పరీక్ష అంటే పెద్దదేమీ కాదు. పరీక్ష పెట్టే బార్నబీ నన్ను కొడతాడు, నేను ఊరికే పడిపోకూడదు, అంతే. దీనికోసం నలభయ్యేడేళ్ళ ఆడది రాత్రంతా నిద్రపోకుండా దొర్లిందంటే నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. కత్తులు ఇనుపవి కావు, బొటనవేలికంటే లావుగా ఉండే పేము కర్రలు, వాటికి బూడిదరంగు టేపు చుట్టి ఉంటుంది, కానీ కొట్టేది మాత్రం పూర్తి బలంతోనే. తలకో ఛాతీకో గట్టిదెబ్బ తగిలితే నువ్వు చచ్చినట్టు, పడిపోవాలి. తేలికదెబ్బ అయితే నిలబడి ఆడాలి. అది గట్టిదో తేలికదో చెప్పడానికి క్రికెట్‌లోలాగా వేలెత్తే అంపైరు ఉండడు. దెబ్బ తిన్నవాళ్ళే చెప్పాలి. గట్టిదైతే 'తగిలింది' అనాలి, తేలికైతే 'చాల్లేదు' అనాలి. వాళ్ళ మాటే ఆఖరు మాట, ఎదుటివాడు కిక్కురుమనకూడదు. ఎన్ని తగిలినా తగల్లేదని నిలబడేవాళ్ళని ఖడ్గమృగాలంటారు, ఆ పేరు పడితే వాళ్ళతో ఎవరూ ఆడరు. నాకు వచ్చిన జబ్బుకి మాత్రం వీళ్ళ దగ్గర పేరు లేదు. నేను దెబ్బ తగలకముందే పడిపోతాను.

మొదటిరోజు పిప్ షెడ్డులో అదే జరిగింది. పిప్ రిటైరైన నర్సు, అరవై రెండేళ్ళు, నా భుజం దాకా వస్తుంది, డాలు పట్టుకుంటే కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. సిద్ధమేనా అంది, సిద్ధమే అన్నాను, కర్ర ఎత్తింది, నేను సిమెంటు మీద ఉన్నాను. మోకాళ్ళు మడిచి, తల రెండు చేతుల మధ్య దాచి, పక్కకి ఒరిగి. ఎలా పడ్డానో నాకే తెలియదు. పిప్ కర్ర గాల్లోనే పట్టుకుని నిలబడి, ఇంకా కొట్టనేలేదు కదమ్మా, నువ్వే చచ్చి నువ్వే పడుకుంటే మధ్యలో నన్నెందుకు పిలిచావు అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండోసారీ అంతే. పదోసారీ అంతే. మూడోవారం వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. పిప్ నన్ను పక్కకి పిలిచి టీ పోసి, చూడు పిల్లా, ఇదీ అబద్ధమే, తగిలిన దెబ్బ తగల్లేదనడం ఎంత అబద్ధమో తగలని దెబ్బ తగిలిందనడమూ అంతే అంది. పైగా డాళ్ళు ఆనించుకుని వరసగా నిలబడినప్పుడు నువ్వు ఊరికే పడ్డావనుకో, ఆ ఖాళీలోంచి వాళ్ళు లోపలికొచ్చి నీ పక్కవాడిని చంపుతారు, నీ దెబ్బ వాడు తింటాడు అంది. ఆ మాటకి నా చేతిలో టీ ఒలికింది. కాలిందేమోనని పిప్ గుడ్డ తెచ్చింది. కాలలేదని చెప్పాను.

ఎడమ మోకాలి పట్టీ పడింది. కుడిది మిగిలింది. ఈ మోకాలి చిప్పలు నేనే కొట్టాను, ఈ ఛాతీ రేకూ నాదే, హెల్మెట్టూ నాదే, ఈ పొలంలో సగంమంది నెత్తిన ఉన్న ఇనుము నా చేతి పనే. నాది టింకరింగ్ షాపు. ఇరవయ్యారేళ్ళుగా సొట్టపోయిన కార్లని సుత్తితో సరిచేస్తున్నాను. కంగారూని గుద్దిన బానెట్లు, గేటుని గుద్దిన డోర్లు, భార్యమీద కోపంతో భర్త తన్నిన డోర్లు, అవి కూడా వస్తాయి, బూటు ముద్ర చూడగానే తెలిసిపోతుంది, పార్కింగులో ఎవరో గుద్దారండీ అని వాళ్ళు చెబుతారు, అలాగేనండీ అని నేను రాసుకుంటాను. పిప్ మొదటిసారి వచ్చింది కూడా సొట్టతోనే. హెల్మెట్టు తెచ్చి బల్లమీద పెట్టింది. ఎడమవైపు చెవి పైన గుంట. నేను దాన్ని చేత్తో తడిమి, కుడిచేత్తో కొట్టాడు, పైనుంచి కాదు పక్కనుంచి, మనిషి నీకంటే పొడుగు, ఆపకుండా రెండోది కూడా కొట్టాడు, ఇదిగో రెండో దెబ్బ మొదటిదాని అంచుమీదే పడింది అని చెప్పాను. పిప్ ఆ గుంటని తనూ తడిమి చూసింది. నీకివన్నీ ఎలా తెలుసు అంది. ఇనుము దాచుకోదు, చెబుతుంది అన్నాను. చెవి పైన గుంటలు చదవడం నేను షాపులో నేర్చుకున్నది కాదు, కానీ అది చెప్పలేదు. గుంట లోపలినుంచి సుత్తితో కొట్టి పైకి తెచ్చాను. ఆ పూటంతా ఆ మోత నా తలలో మోగుతూనే ఉంది, నాకు బాగుంది, నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

నాన్న కొట్టేది నీళ్ళగొట్టం ముక్కతో. నల్ల ప్లాస్టిక్ గొట్టం, అంగుళంపావు లావు, మూరెడు పొడుగు, పంపు దగ్గర మిగిలిపోయిన ముక్క, దాన్ని వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించేవాడు. మా ఇంట్లో తిట్టడం తక్కువ. మేకు చప్పుడైతే చాలు. అది గాల్లో ఊగేటప్పుడు చేసే మోత ఇప్పటికీ ఎక్కడైనా వింటాను, దుకాణంలో ఎవరో ఆడుకునే తాడు తిప్పితే వింటాను, పెద్దగాలికి టార్పాలిన్ కొట్టుకుంటే వింటాను. తొడల వెనకాల పడితే మొదట చల్లగా ఉంటుంది, కాసేపట్లో రెండు తెల్లటి గీతలు లేస్తాయి, మధ్యలో ఎర్రగా, ఆ తర్వాత మంట. స్కూల్లో చేరిన కొత్తలో ఎండాకాలంలో కూడా పొడుగు మేజోళ్ళు వేసుకునేదాన్ని. కిటుకు నాకు ఆరేళ్ళప్పుడే దొరికింది. ఒకరోజు కాలు జారి ముందే పడ్డాను. నాన్న నన్ను ఒకసారి చూసి, గొట్టం దించేసి, వెళ్ళిపోయాడు. ఇంతేనా అనుకున్నాను. పడితే చాలా? ఆనాటినుంచి పడ్డాను. ఎంత బాగా పడేదాన్నంటే గొట్టం భుజం ఎత్తు దాటేలోపే చాప మీద మూటలా ఉండేదాన్ని. మా అన్న కెల్విన్ పడేవాడు కాదు. నాకంటే రెండేళ్ళు పెద్ద, సన్నగా, పొడుగ్గా, కంచెరాటలాగా నిలబడేవాడు. పడరా, పడితే అయిపోతుందిరా అని రాత్రి పక్కమంచం మీదనుంచి ఎన్నిసార్లు బతిమాలానో. నేను పడను నెల్ అనేవాడు. ఎందుకు పడవు అంటే చెప్పేవాడు కాదు. మొండివాడు, తిక్కవాడు, నాకు వాడిమీద ఎంత కోపమో.

కుడి పట్టీ కూడా పడింది. ఇప్పుడు గొంతు పట్టీ, మోచేతులవి, నడుముకి తోలు బెల్టు. పిప్ రెండు కప్పులతో వస్తోంది, తలకి గుడ్డ చుట్టుకుని, మోకాళ్ళ దాకా ఇనుముతో, గడ్డి కరకరలాడించుకుంటూ. నా ఛాతీ చూసి నిట్టూర్చింది. ముందు మోకాళ్ళు అని చెప్పానా లేదా దొరసానీ అంది. ఈ మూడు రోజులూ ఆడవాళ్ళని దొరసానీ అనే పిలవాలి, ఇక్కడి మర్యాద, మొబైల్ టాయిలెట్ బయట వరసలో నిలబడినా దొరసానీ ముందు మీరు వెళ్ళండి అంటారు. నా వెనక చేరి మోచేతి పట్టీలు బిగిస్తోంది. ఊపిరి ఆడుతోందా అంటే ఆడుతోందన్నాను. మీ అన్న వస్తానన్నాడుగా అంది. పది గంటలకి వస్తాడు. నిన్న ఫోన్ చేసి కెల్విన్‌కి రెండుసార్లు చెప్పాల్సివచ్చింది, వాడికి ఫోన్ కుడిచెవి దగ్గర పెట్టుకున్నా సగమే వినపడుతుంది, ఎడమచెవి అసలు లేదనుకోవాలి. తర్వాత నవ్వి, డబ్బు కట్టి మరీ తన్నులు తినడానికి పోతున్నావా, చిన్నప్పుడు ఊరికే దొరికితే వద్దన్నావు కదే అన్నాడు. వాడు అది జోకుగానే అన్నాడు. వాడు ఎప్పుడూ అంతే, వాడికి ఎవరిమీదా ఏమీ ఉండదు. అందుకే ఈ పూట నేను నిలబడాలి. వాడు కంచె దగ్గర నిలబడి చూస్తుండగా నేను నా చోట నిలబడి ఉండాలి, నా పక్కన ఎవరున్నా సరే, నా దెబ్బ నేనే తినాలి. ఒక్కసారైనా. ఇది ఎవరికీ చెప్పలేదు, పిప్‌కి కూడా.

గేటు తీసి వదిలేసింది నేను. ఎన్నిసార్లు తలుచుకున్నా గేటు దగ్గర నా చెయ్యే కనపడుతుంది. గొలుసు కొక్కేనికి తగిలించలేదు, సైకిలు మీద ఉన్నాను, దిగడానికి బద్ధకించాను. తెల్లారేసరికి పొట్టేళ్ళు ఆడగొర్రెల మందలో కలిసిపోయాయి, జతకట్టాల్సిన కాలానికి రెండు నెలల ముందు, అంటే పిల్లలన్నీ నడిచలికాలంలో పుట్టి చస్తాయి, ఏడాది పని గంగలో కలిసినట్టే. నాన్న బొచ్చు కత్తిరించే షెడ్డులోకి ఇద్దర్నీ పిలిచాడు. చెక్కనేల మీద గొర్రెబొచ్చు నూనె పట్టి నున్నగా ఉంటుంది. గేటు ఎవరు వదిలారు అన్నాడు. గొట్టం లేచింది. నేను పడ్డాను. నాకు పదకొండేళ్ళు, నేను నేల మీద నూనె వాసన పీలుస్తూ కళ్ళు మూసుకుని ఉన్నాను. కెల్విన్, నేనే వదిలాను అన్నాడు. ఆ తర్వాత చప్పుళ్ళు. లెక్కపెట్టాను, పదిహేడు దాకా లెక్కపెట్టాను, మధ్యలో వాడు ఒక్కసారి కూడా కాలు కదపలేదు, చెక్కనేల మీద బూటు చప్పుడు వినపడలేదు. గొట్టం విరగలేదు కానీ పట్టు జారింది, అప్పుడు నాన్న పిడికిలి వాడాడు, అది చెవి మీద పడింది, తడిబట్టని బండకి కొట్టినట్టు ఒక చప్పుడు. కళ్ళు తెరిచాను. వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. చెవిలోంచి నెత్తురు మెడమీదుగా చొక్కా లోపలికి కారుతోంది, వాడు నాన్నవైపు కాదు, నావైపు చూస్తున్నాడు, లేవకు అన్నట్టు కళ్ళతో చెబుతున్నాడు. ఇంట్లో అమ్మ రేడియో పెంచింది. గుర్రప్పందేలు. ఆ కామెంటరీ షెడ్డు దాకా వినపడుతోంది, ఎవడో ఊపిరాడకుండా గుర్రాల పేర్లు అరుస్తున్నాడు. నేను లేవలేదు.

ఆ సాయంత్రం నాన్న ఏడ్చాడు. బల్లమీద చేతులు పెట్టుకుని, వాటిని వేరెవరివో అన్నట్టు చూస్తూ, చెయ్యి ఆగలేదురా, నా చెయ్యి నా మాట వినలేదురా అన్నాడు. ఆ మాట ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు విన్నాం. క్రిస్మస్‌కి నాలుగు బీర్లు పడ్డాక అనేవాడు, అమ్మ పోయినప్పుడు అన్నాడు, ఆసుపత్రిలో ఆఖరి వారం కెల్విన్ చెయ్యి పట్టుకుని అన్నాడు. కెల్విన్ ధాన్యం లారీలు నడుపుతాడు, వాడు దాన్ని లారీ భాషలో అర్థం చేసుకున్నాడు. దిగుడులో బ్రేకులు పోతే డ్రైవరేం చేస్తాడు నెల్, ఆయన లోపల బ్రేకు లేదు, పుట్టుకతోనే లేదు అన్నాడు. అంత్యక్రియల్లో కూడా లేచి నిలబడి ఇంచుమించు అదే చెప్పాడు, మా నాన్న తన చేతితో తానే ఓడిపోయిన మనిషి అన్నాడు, అందరూ కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. నాకూ ఆ మాట కావాలి. చెయ్యి ఆగనిదైతే ఎవరి తప్పూ లేదు, గేటు తప్పు లేదు, పడుకున్నదాని తప్పూ లేదు. కానీ ఆ మాటకి ఇంకో వైపు కూడా ఉంది, అది నేనొక్కదాన్నే మోశాను. ఆ చెయ్యి నాక్కూడా వచ్చిందేమో. నెత్తురులో ఉంటే వస్తుంది కదా. లిండన్ మంచివాడు, ఆరేళ్ళు నాతో ఉన్నాడు, పిల్లలు కావాలన్నాడు. నేను నా చేతులు చూసుకునేదాన్ని, రోజంతా సుత్తి ఎత్తి దించే చేతులు, ఒకసారి ఎత్తితే ఆగకపోతే? వద్దన్నాను. కారణం చెప్పలేదు. అతనికిప్పుడు డబ్బో అనే ఊళ్ళో ముగ్గురు పిల్లలు, మొన్న ఫేస్‌బుక్‌లో చూశాను, చిన్నదానికి ముందుపళ్ళు లేవు.

పద, పిలుస్తున్నారు అంది పిప్. నడుస్తుంటే ఒళ్ళంతా గిన్నెల బుట్టలా మోగుతోంది. తాళ్ళు కట్టిన బరి దగ్గర బార్నబీ నిలబడి ఉన్నాడు, ఆరడుగుల మీద ఇంకో చెయ్యెడు, మామూలు రోజుల్లో ఆర్మిడేల్లో పళ్ళ డాక్టరు, వారమంతా పళ్ళు పీకి శని ఆదివారాలు ఊడగొడతాడని పిప్ ఎప్పుడూ వేసే జోకు. నా హెల్మెట్టు తీసుకుని మొహం ముందు కడ్డీల మధ్య ఒక కర్రముక్క దూర్చి చూశాడు, దూరలేదు, మంచిది. గడ్డం కింద పట్టీ లాగాడు. వీపు వైపు, నడుం దగ్గర, మోకాళ్ళు పిడికిలితో తట్టి చూశాడు. పని బాగుంది దొరసానీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పిప్ అంతా చెప్పింది, మెల్లగా మొదలుపెడతాను, పడాల్సిన దెబ్బ వచ్చినప్పుడే పడండి, ముందే పడితే మాత్రం ఈ ఏడు ఇక రానివ్వలేను, లోపల తొక్కేస్తారు, నా పూచీ కదా అన్నాడు. నేను తల ఊపి హెల్మెట్టు పెట్టుకున్నాను. ప్రపంచం మూడు కడ్డీల మధ్యకి వచ్చేసింది. నా ఊపిరి నాకే గట్టిగా వినపడుతోంది, వేడిగా ఇనుముకి తగిలి మొహం మీదికే వస్తోంది. ఉమ్మి మింగితే కూడా మోత. బార్నబీ చెయ్యి ఎత్తాడు.

పేము గాల్లో ఊగింది, అదే మోత, అదే, నా మోకాళ్ళు నాతో చెప్పకుండా వంగాయి, నేల నాకేసి వస్తోంది, నాన్న చేతికి గొర్రెల నూనె, పడిపో పడిపో అని ఆరేళ్ళ పిల్ల లోపలినుంచి అరుస్తోంది, నేను వంగిన మోకాళ్ళని అక్కడే పట్టుకున్నాను, పళ్ళు కరుచుకుని, బూతులు తిట్టుకుంటూ, సగం కూర్చున్నట్టు, బయటివాళ్ళకి ఎలా ఉందో ఏమో. దెబ్బ భుజంమీద పడింది. పడింది, అంతే. నేనింకా ఉన్నాను. నా నోట్లోంచి చాల్లేదు అనే మాట వచ్చింది, పిల్లి గొంతులా ఉంది. రెండోది హెల్మెట్టు మీద. లోకమంతా ఒక్కసారి గంటలా మోగింది, నాలుక కొరుక్కున్నాను, నెత్తురు ఉప్పగా తగిలింది. మోకాళ్ళు ఈసారి తక్కువ వంగాయి. చాల్లేదు అన్నాను, ఈసారి నా గొంతే. మూడోది వస్తున్నప్పుడు కళ్ళు మూసుకోలేదు. నడుం తిప్పి కొట్టాడు, డాలు అంచు దాటి పక్కటెముకల మీద, రేకు లోపలికి నొక్కుకుని ఊపిరంతా బయటికి పోయింది, కళ్ళలో తెల్లటి మెరుపు, భరించలేనంత నొప్పి. ఇది గట్టిది. తగిలింది అని అరిచి పడ్డాను. పుట్టి బుద్ధెరిగాక దెబ్బ తిన్నాక పడడం ఇదే మొదటిసారి. మంచుగడ్డి మీద వెల్లకిలా పడి, ఏడుస్తూ నవ్వుతూ, నిలబడ్డాను కెల్విన్, నిలబడ్డానురా అనుకున్నాను.

లేపి, ఇప్పుడు మీ వంతు దొరసానీ అన్నాడు బార్నబీ. కొట్టడం కూడా చూడాలి, మరీ మెత్తగా కొట్టేవాళ్ళని, ఒళ్ళు తెలియకుండా కొట్టేవాళ్ళని లోపలికి రానివ్వరు. కర్ర చేతిలో చెమటకి జారుతోంది. మొదటిది కొట్టాను, చాల్లేదన్నాడు. రెండోది, చాల్లేదు, సుత్తి అనుకుని కొట్టండి అన్నాడు. సుత్తి అనుకున్నాను. కాళ్ళలోంచి, నడుంలోంచి, భుజంలోంచి తెచ్చి అతని తలకి పక్కనుంచి వేశాను, చెవి పైన, ఆ మోతకి తాళ్ళ దగ్గరున్న ఇద్దరు తిరిగి చూశారు. తగిలింది అని బార్నబీ నిలువునా వెనక్కి పడిపోయాడు. నా చెయ్యి అప్పటికే మళ్ళీ పైన ఉంది. నేను ఎత్తలేదు, అదే లేచింది, సుత్తి పనివాళ్ళ చెయ్యి ఒక దెబ్బ కాగానే రెండోదానికి తానే లేస్తుంది, అదిగో వచ్చింది, నాన్న చెయ్యి, నాకూ వచ్చింది, నాకు తెలుసు, దిగుతోంది, కింద అతను చేతులు చాపి పడుకుని ఉన్నాడు, మెడ, మొహం, అంతా తెరిచి ఉంది, నిలబడ్డ మనిషికంటే పడ్డ మనిషిని కొట్టడం ఎంత తేలిక, నేను అలాగే పడి ఉండేదాన్ని, నాన్న కాళ్ళ దగ్గర, అందనంత దూరమేమీ కాదు, దిగుతోంది, వద్దు అనుకున్నాను.

ఆగింది. అతని మొహం కడ్డీలకి బెత్తెడు పైన, ఊగకుండా, వణక్కుండా ఆగింది. పళ్ళు బిగించలేదు నేను. రెండో చెయ్యి అడ్డం పెట్టలేదు. వద్దు అనుకున్నాను, అంతే.

బార్నబీ కిందనుంచే బొటనవేలెత్తి, బాగుంది దొరసానీ, పాసయ్యారు అన్నాడు. తాళ్ళ దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. నేను కదల్లేదు. లేచి మళ్ళీ పడండి అన్నాను. ఎందుకూ, అయిపోయిందిగా అన్నాడు. దయచేసి మళ్ళీ పడండి అన్నాను. బార్నబీ పిప్ వైపు చూసి, లేచి, నా దెబ్బ తిని మళ్ళీ పడ్డాడు. ఈసారి చెయ్యిని కావాలని వదిలేశాను, ఉన్న బలమంతా పెట్టి, చూద్దాం నీ సంగతి అని దాని మీదికి నాన్ననంతా తెచ్చుకుని, ఆ షెడ్డుని, పదిహేడు చప్పుళ్ళనీ తెచ్చుకుని దించాను. వద్దు అనుకోగానే ఆగింది. మూడోసారి ఇంకా కిందికి రానిచ్చాను, రెండు వేళ్ళ మందం. ఆగింది. పిప్ తాళ్ళ కిందినుంచి దూరి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమైందే పిల్లా? పాసయ్యావు. చాలు."

"ఆగుతోంది పిప్," అన్నాను.

"ఏది?"

"చెయ్యి. ఎంత గట్టిగా దించినా ఆగుతోంది. దీనికి బలం కూడా అక్కర్లేదు."

ఆమెకి అర్థం కాలేదు, కాకపోయినా చెయ్యి వదల్లేదు. నాకు ఒళ్ళంతా మండిపోతోంది, ఇనుము కింద తొడుక్కున్న దళసరి బొంతకోటు లోపల, కాళ్ళ దాకా. నాన్నకీ ఆగేది. నేను నేల మీద పడ్డ ప్రతిసారీ ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది, ఐదేళ్ళు, వందసార్లు, ఒక్కసారి కూడా తప్పలేదు. నేను పడి తప్పించుకోలేదు, ఆయన ఆపాడు. ఆపడం ఆయనకి వచ్చు. వచ్చి ఉండి, పదిహేడు దెబ్బలు ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుని, ఆపై పిడికిలి కూడా ఎంచుకుని కెల్విన్‌ని కొట్టాడు, కొట్టి బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు, ఆ ఏడుపుకి మేమిద్దరం ముప్ఫయ్యేళ్ళు జాలిపడ్డాం. నేను ఆ శవపేటిక మోశాను. ఆ చేతికి భయపడి లిండన్‌ని పంపేశాను. కెల్విన్‌కి ఇది చెప్పాలి. చెబితే వాడి దగ్గర ఏం మిగులుతుందో నాకు తెలియదు, వాడు నాన్నని క్షమించడం మీదే బతుకు కట్టుకున్నాడు, అయినా చెబుతాను. బార్నబీ మోచేతుల మీద లేచి కూర్చుని, ఏమైనా దెబ్బ తగిలిందా మీకు అని అడుగుతున్నాడు, మర్యాదగా, డాక్టరు గొంతుతో.

"తగిలింది," అన్నాను.